గంగవాయిలాకు రసం

దేవక్క మొహం చూసి రుక్సార్ మొదట గుర్తుపట్టలేదు.

రేకుల ఇంటి ముందు పందిరి కింద నులకమంచం మీద ఒక ఆడమనిషి పడుకొని ఉంది. బుగ్గలు ఉబ్బి, రెప్పలు వాచి, కళ్లు గీతల్లా మిగిలాయి. రుక్సార్ ఆ మనిషినే అడిగింది.

"దేవక్క ఇంట్లో ఉందా అమ్మా?"

"నేనే గదమ్మా! నన్నే మర్సిపోతివా రుక్సారమ్మా?"

గొంతు మాత్రం దేవక్కదే. రుక్సార్ చేతిలోని సంచి జారి కింద పడింది. మూడు నెలల కిందట ఎర్రగడ్డ మళ్లలో, ఉల్లి మొక్కల మధ్య నడుం వంచి, పదిమంది కూలీలను ముందుకు తోలుకుంటూ, అందరికంటే ముందు గట్టు చేరిన మనిషి ఈమె.

"ఏమైంది దేవక్కా? ఈ వాపేంది?"

"ఏమోనమ్మా. ఎండకు పొంగిందంటారు, వాతమంటారు. అన్నం లోపలికి పోతల్లేదు. తిన్నది తిన్నట్టే బయటికొస్తాంది." దేవక్క మోచేతి మీద లేచి కూర్చోబోయి ఆయాసపడింది. లోపలికి తిరిగి కూతుర్ని కేకేసింది. "సరస్వతీ, మేడమ్ వచ్చినాది. ఆ రసం ఒక గలాసు తేపో."

సరస్వతి స్టీలు గ్లాసులో ముదురాకుపచ్చ రసం తెచ్చి రుక్సార్ చేతికిచ్చింది.

"నువ్వు సెప్పిందేనమ్మా, గంగవాయిలాకు రసం," అంది దేవక్క. ఉబ్బిన మొహంలోనే నవ్వు కనిపించింది. "అప్పట్నుంచి ఒక్క పొద్దు గూడా మానల్యా. దీనివల్లే ఈ మాత్రం నిలబడినా."

రుక్సార్ ఒక గుక్క తాగింది. పుల్లగా, వగరుగా ఉంది. పళ్లు గరగరలాడాయి. తన మాట మీద ఇంత నమ్మకమా అని ఒక్క క్షణం మనసు చల్లబడింది కూడా. గ్లాసు కింద పెట్టి దేవక్క కాలి మీద బొటనవేలితో నొక్కి చూసింది. వేలు తీశాక కూడా గుంట అలాగే నిలిచిపోయింది.

"అక్కా, ఒంటికి సరిగ్గా పోతాండావా?"

దేవక్క మొహం పక్కకు తిప్పుకుంది. సరస్వతే చెప్పింది. "నిన్నట్నుంచి ఒక్క సుక్క గూడా ల్యాదు మేడమ్."

రుక్సార్ వెంటనే లేచింది. బయటికి పరుగెత్తి, ఎమ్మిగనూరు పోయే ఆటోను రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపింది.

*

రుక్సార్‌ది ఆదోని. తండ్రి జిలాని బాషాకు పరుపులు కుట్టే అంగడి ఉంది. ఆమె ఊళ్లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తూ పీహెచ్‌డీ చేస్తోంది. ఈ పక్క దొరికే పండ్లలో, కూరగాయల్లో, ఆకుకూరల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎంతున్నాయో విద్యుత్తుతో కొలవడం ఆమె పని. ఒంట్లోని కణాలు పాడైపోకుండా అడ్డుపడే పదార్థాలవి. ఆకుల్లో, పండ్లలో రకరకాలుగా ఉంటాయి.

ఆమె దగ్గర టిఫిన్ బాక్సంత యంత్రం ఒకటుంది. దానికి మూడు సన్నటి కడ్డీలు. వాటిని రసంలో ముంచితే యంత్రం వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతుంది. యాంటీ ఆక్సిడెంట్లు ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలేస్తాయి. అవి వదిలినప్పుడు కరెంటు పారి, లాప్‌టాప్ తెర మీద గీత గుట్టలా పైకి లేస్తుంది. గుట్ట ఎంత ఎత్తుంటే సరుకు అంత ఎక్కువున్నట్టు. ఆమెకు కావలసినవన్నీ తక్కువ వోల్టేజిలోనే పలుకుతాయి కాబట్టి, అవి దాటగానే యంత్రం ఆగిపోయేలా పెట్టుకుంది. అందరూ అలాగే చేస్తారు. పుస్తకాల్లోనూ అలాగే ఉంది.

దానిమ్మ, అంజూర, టమోటా, ఎర్రగడ్డ, మునగాకు అన్నీ కొలిచింది. ఆకుకూరల కోసం గోనెగండ్ల మండలంలోని ఈ పల్లెకు వచ్చినప్పుడు కలుపు కూలీల పెద్ద దేవక్క పరిచయమైంది. ఎర్రగడ్డ మళ్లలో కలుపుగా పెరిగే గంగవాయిలాకును పీకి గట్టు మీద పారేస్తుంటే, "అది గూడా ఒక కట్ట ఇయ్యక్కా" అని రుక్సార్ అడిగి తీసుకుపోయింది. ఈ పక్క ఇళ్లలో దాన్ని పప్పులో వేసి వండుకుంటారు. అంతకుమించి దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

ఆ ఆకు గీత తెర మీద లేచిన పొద్దు రుక్సార్ నోరు తెరుచుకొని ఉండిపోయింది. టమోటాను దాటింది. అంగట్లో మెరిసే ఆపిల్‌నూ దాటింది. ఆమె కొలిచిన వాటిలో దానిమ్మ ఒక్కటే దానికంటే పైనుంది. యంత్రమేమైనా తప్పు చూపిస్తోందేమోనని కడ్డీలు కడిగి మళ్లీ మళ్లీ కొలిచింది. ప్రతిసారీ అదే ఎత్తు.

ఆ సంతోషం ఆపుకోలేక మరుసటి ఆదివారమే బస్సెక్కి వచ్చి, పొలం గట్టు మీద దేవక్క పక్కన కూర్చొని ఫోన్‌లో ఆ గీత చూపించింది.

"సూడక్కా, నువ్వు పీకి పారేస్తాండే ఆకు ఇది. ఆపిల్ కంటే పైనుంది."

"నిజంగానా తల్లీ!" దేవక్క ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకొని చూసింది. "నాకు సక్కెర రోగముందని మొన్న క్యాంపులో సెప్పినారు. దీనికి మంచిదా?"

"మంచిదే గదక్కా. ఒంటికి శానా బలం."

"పప్పులో ఏసుకుంటాంలే."

"ఉడకబెడితే సగం పోతుంది. నేను కొలిచింది పచ్చి రసమే."

ఆ మాట అన్నప్పుడు రుక్సార్ నవ్వుతూ ఉంది. దేవక్క నవ్వకుండా తలూపింది, మందు చీటీ ఇచ్చేటప్పుడు డాక్టరు చెప్పే మాట విన్నట్టు.

*

ఎమ్మిగనూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీయించి, రిపోర్టు రాగానే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఈమె తాలూకు మగవాళ్లు ఎవరు?"

దేవక్క మొగుడు గోవిందు పొలం నుంచి అప్పుడే వచ్చాడు. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు. "నేనేనమ్మా."

"రెండు కిడ్నీలూ పని ఆపేశాయి. ఇక్కడ పెట్టుకోలేం. ఈ క్షణమే కర్నూలు తీసుకుపోవాలి."

గోవిందుకు మాట అర్థమైనట్టు లేదు. "మాత్రలు రాయండమ్మా, వాపు తగ్గితే సాలు," అన్నాడు.

"వాపు కాదయ్యా. మనిషి పోతుంది."

గోవిందు గోడకు ఆనుకొని అలాగే కింద కూర్చున్నాడు. సరస్వతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రుక్సార్ అంబులెన్స్ కోసం ఫోన్లు చేస్తూ తిరిగింది. సక్కెర జబ్బు కిడ్నీలను తినేసి ఉంటుందని, క్యాంపువాళ్లు సరిగ్గా చెప్పి ఉండరని ఆమె మనసులో అనుకుంటూనే ఉంది. తాను సమయానికి రావడం ఎంత మంచిదైందో అని కూడా అనుకుంది.

కర్నూలులో దేవక్కను డయాలసిస్ మీద పెట్టారు. మెడ దగ్గర గొట్టం వేసి, రక్తాన్ని బయటికి తీసి శుభ్రం చేసి మళ్లీ లోపలికి పంపే యంత్రమది. షుగరు అంత ముదరలేదని, ఆ ఒక్కదానివల్ల కిడ్నీలు ఇంత తొందరగా పాడుకావని, కారణం తెలియాలంటే కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూడాలని పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ రిపోర్టు వచ్చిన రోజు రుక్సార్ మళ్లీ కర్నూలు వచ్చింది. గోవిందు మందులకు పోయి ఉన్నాడు. సరస్వతితో పాటు ఆమే లోపలికి వెళ్లింది.

డాక్టరు తన కంప్యూటర్‌ను వాళ్ల వైపు తిప్పాడు. గులాబీ రంగు కణజాలం మధ్య, నలిగిన గాజుపెంకుల్లా ఏవో మెరుస్తున్నాయి. తెర నిండా ఉన్నాయి.

"ఇవి స్ఫటికాలు. కిడ్నీ గొట్టాలన్నీ వీటితో మూసుకుపోయాయి. ఈమె ఏం తింటోంది? నాటుమందులేమైనా వాడిందా?"

"ల్యాదు సార్," అంది సరస్వతి.

"ఆకు పసర్లు? కషాయాలు? బాగా ఆలోచించి చెప్పమ్మా."

"ఆకు రసం తాగుతాండె సార్. గంగవాయిలాకు."

"పచ్చిదా?"

"పచ్చిదే. మిక్సీలో ఏసి పిండుకుంటాండె."

"ఎంత?"

సరస్వతి చేతులతో చెంబంత చూపించింది. "పొద్దున ఇంత. మల్లా మాపుటేల ఇంత. ఎండలు ముదిరినాక సలవ సేస్తాదని మద్యానం గూడా."

డాక్టరు పెన్ను పక్కన పెట్టేశాడు. "ఎవరు తాగమన్నారమ్మా ఈమెను?"

 సరస్వతి రుక్సార్ వైపు చూడకుండా ఉండటానికి తల వంచి నేలకేసి చూస్తోంది. ఆ వంచిన తల చూశాక గానీ రుక్సార్‌కు ఆ ప్రశ్నకు జవాబు తానేనని తెలియలేదు. 

"నేను సార్," అంది.

"మీరెవరు?"

"ఆదోనిలో కెమిస్ట్రీ లెక్చరర్ని."

డాక్టరు ఆమెను చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు. నమ్మలేనట్టు చూస్తున్నాడు.

"అయితే ఈ ఆకులో ఉండే ఆక్సలేట్ గురించి మీకు నేను చెప్పాలా మేడమ్?"

ఆమెకు చెప్పనక్కరలేదు. ఆక్సాలిక్ ఆమ్లం ఆమె ప్రతి ఏడాదీ మొదటి సంవత్సరం పిల్లల చేత కొలిపించేదే. సీసా మీద పేరు రాసేది ఆమే. నోట్లో పెట్టుకోవద్దని, విషమని, కిడ్నీలు పాడవుతాయని తరగతి మొదలుపెట్టే ముందు హెచ్చరించేదీ ఆమే. గంగవాయిలాకు పుల్లగా ఎందుకుంటుందని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. ఆ పులుపును తన పళ్ల మీద పెట్టుకొని కూడా అడగలేదు.

"ఎప్పుడో ఒకసారి పప్పులో తింటే ఎవరికీ ఏమీ కాదు," అంటున్నాడు డాక్టరు. "ఉడికించి నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది కూడా. ఈమె పచ్చిది, చెంబుల కొద్దీ, నెలల తరబడి తాగింది. పైగా షుగరు, ఎండలో కూలిపని, నీళ్లు తక్కువ. అన్నీ ఒకచోట కలిశాయి."

బయటికి వచ్చాక వరండా అటు చివర గోవిందు మందుల కవరుతో వస్తూ కనిపించాడు. రుక్సార్ రెండో వైపు మెట్లు దిగి, ఎవరికీ చెప్పకుండా ఆదోని బస్సెక్కింది.

*

మరుసటి రోజు, సెలవులు కాబట్టి కాలేజీ ల్యాబ్‌లో ఎవరూ లేరు. తెల్లవారుతూనే మార్కెట్‌కు పోయి గంగవాయిలాకు కట్ట కొన్నది. దాన్ని నూరి, పిండి, ఎప్పటిలాగే వడగట్టి, కడ్డీలు ముంచింది. ఈసారి కార్బన్ కడ్డీ తీసేసి, ఆక్సలేట్ బాగా పలికే ప్లాటినం కడ్డీ పెట్టింది. ఎప్పుడూ ఆపే చోట ఆపకుండా వోల్టేజిని పైకి పోనిచ్చింది.

మొదట ఆమెకు తెలిసిన గుట్ట లేచింది. ఆమెను అంత సంతోషపెట్టిన గుట్ట అదే. అది దిగింది. గీత కాస్త దూరం చదునుగా నడిచింది. ఎప్పుడూ యంత్రం ఆగిపోయే హద్దు దాటింది. అక్కడి నుంచి మళ్లీ పైకి లేవడం మొదలుపెట్టి, లేస్తూ లేస్తూ, మొదటి గుట్టను పిల్లగుట్ట చేసేసి తెర అంచును తాకింది.

రుక్సార్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.  అంత వోల్టేజిలో ఇంకేవేవో పలకొచ్చు, ఒక్క గీతను నమ్మకూడదు అని తనకు తాను చెప్పుకుంది. మిగిలిన రసాన్ని తేటగా వడగట్టి, పరీక్షనాళికలో పోసి, కాల్షియం క్లోరైడ్ ద్రావణం కొన్ని చుక్కలు వేసింది.

రసం తెల్లబడింది. ముందు పొగలా లేచి, చూస్తుండగానే చిక్కబడి, సున్నపు పిండిలా మెల్లగా అడుక్కి దిగింది. ఆకులోని ఆక్సలేట్ కాల్షియంతో కలిసి ఆ తెల్ల పొడి అయింది. అదే కాల్షియం మనిషి రక్తంలోనూ ఉంటుంది. ఇదే తెలుపు దేవక్క లోపల, చెంబు మీద చెంబుగా, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దిగుతూ వచ్చింది.

ఆమె ఆ నాళికను స్టాండులో పెట్టి, బర్నర్ వెలిగించి నీళ్లు పెట్టింది.  

ఉడికించిన ఆకుతో కూడా చేసి చూసింది. వార్చి పారబోసిన నీళ్లలో తెలుపు చిక్కగా వచ్చింది, ఆకులో కాస్తే మిగిలింది. "ఉడకబెడితే సగం పోతుంది" అని గట్టు మీద తాను అన్న మాట చెవిలో వినపడింది. నిజమే చెప్పింది. పోయేదేమిటో మాత్రం చెప్పలేదు. ఆమెకే తెలియదు.

ఇంటికి వచ్చి తండ్రికి చెప్పింది. జిలాని బాషా కుడుతున్న పరుపు మీద సూది అలాగే గుచ్చి ఉంచి, చివరిదాకా విన్నాడు.

"వాళ్లకు సెప్పినావా?"

"లేదు నాయనా. పారిపోయొచ్చినా."

"పారిపోయి యాడికి పోతావు? పా, లెయ్. నేనూ వస్తా."

"వద్దు నాయనా. నేనొక్కదాన్నే పోవల్ల."

*

గోవిందు ఆసుపత్రి ఆవరణలో సిమెంటు గట్టు మీద కూర్చొని ఉన్నాడు. రుక్సార్‌ను చూసి లేవలేదు. సరస్వతి చెప్పేసినట్టుంది.

"అన్నా," అంది రుక్సార్, ఆయన ముందు నిలబడి. "ఆ రసం వల్లే. నిన్న నేను కొలిచి సూసినాను. అందులో ఒక యాసిడ్ ఉంది, అది..."

"ఆ పొద్దు గూడా కొలిచే సెప్తివి గదమ్మా?"

"అవునన్నా."

"మిషన్ పెట్టి సూసినావు. ఆపిల్ కంటే పైనుందంటివి. ఇది సంపుతాదని నీ మిషన్‌కు తెలీదా?"

"మిషన్ అడిగిందానికే సెప్తుందన్నా. నేను ఈ మాట అడగల్యా."

గోవిందు ఆమె మొహంలోకి చూశాడు. అరుస్తాడనుకుంది. కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండుననుకుంది.

"సీకట్తో లేసి నేనే తెస్తాంటిని ఆ ఆకు," అన్నాడు ఆయన. "లేతది సూసి, మన్ను కడిగి. ఒకపొద్దు దేవక్క నాకొద్దు, వాంతికొస్తాందంటే, 'మేడమ్ సెప్పినాది, తాగే' అని నేనే బలవంతంగా తాపిస్తిని."  తుండుగుడ్డతో మొహమంతా తుడుచుకొని, గట్టు మీదే ముడుచుకొని కూర్చున్నాడు.

 రుక్సార్ ఆయన పక్కన కూర్చుంది. గోవిందు మళ్లీ మాట్లాడినప్పుడు ఆ మాట పిడుగులా పడింది.

"మా దేవక్క ఒక్కతే తాగినాదనుకుంటివా నువ్వు? మేడమ్ మనకోసం కనుక్కున్యాదని ఊరంతా సెప్పుకున్యాది. కలుపుకొచ్చే ఆడోళ్లంతా తాగుతాండారు."

"ఎవరెవరు అన్నా?"

"మద్దమ్మ, పార్వతమ్మ... నాకేం తెలుసు? శానామంది."

రుక్సార్ లేచి నిలబడింది. ఎండలో ఆసుపత్రి గోడ తెల్లగా కళ్లకు కొట్టింది. లోపలికి పోయి సరస్వతి చేత పల్లెకు ఫోన్ చేయించింది. ఎవరూ తీయలేదు. ఆ వేళకు అందరూ పొలంలో ఉంటారు.

*

ఆమె బస్సు దిగి, ఆటో మాట్లాడుకొని పొలం చేరేసరికి కూలీలు గట్టు మీద సద్దులు విప్పుకొని కూర్చున్నారు. ఒకామె పక్కన ప్లాస్టిక్ సీసాలో ఆకుపచ్చ రసం కనిపించింది. రుక్సార్ పరుగెత్తుకుంటూ పోయి ఆ సీసా లాక్కొని మళ్లో గుమ్మరించింది.

"ఏందమ్మా ఇది! పిచ్చా నీకు?" పార్వతమ్మ లేచింది. వయసు మీదపడినా గొంతు గట్టి మనిషి.

"తాగొద్దండి. ఎవరూ తాగొద్దండి ఇంగ. దేవక్క కిడ్నీలు పోయింది దీనివల్లే."

ఒక్కసారి అందరి చేతులూ ఆగిపోయాయి. ఎవరో "అయ్యో దేవుడా" అన్నారు.

"మా అవ్వ తినింది, మా అమ్మ తినింది," అంది పార్వతమ్మ. "గంగవాయిలాకు మనిసిని సంపుతాదా?"

"వాళ్లు పప్పులో ఉడకబెట్టుకొని తిన్యారమ్మా. ఎప్పుడో ఒకపొద్దు. అట్ల తింటే ఏం కాదు. పచ్చి రసం చెంబులు చెంబులు తాగితేనే..."

"పచ్చిదే మేలని నువ్వే గదా సెప్తివి! ఉడకబెడితే పోతాదంటివి!"

"నేనే సెప్పినాను."

"ఆ పొద్దు అమృతమంటివి. ఈ పొద్దు విసమంటివి. మేం ఏది నమ్మల్ల?"

 

"రెండూ ఉండాయమ్మా అందులో," అంది రుక్సార్. "మంచిది ఒక్కటే కొలిచి మీకు సెప్పినాను. చెడ్డది కొలవల్యా. తప్పు నాదే. తిట్టండి, కొట్టండి, ఏమన్నా చెయ్యండి. కానీ నాతో ఎమ్మిగనూరుకు రండి. రక్తం సూపించుకోండి."

తిట్టారు కూడా. ఒకామె, చదువుకున్నోళ్లకు మేమే దొరికినామా అని ఏడుస్తూ తిట్టింది. అయితే పార్వతమ్మే ముందు చీర దులుపుకొని ఆటో వైపు నడిచింది. మనవరాలికి కూడా రోజూ అరగ్లాసు పోస్తోందట. ఆ మాట ఆటోలో కూర్చున్నాక, ఎవరికీ వినపడకుండా రుక్సార్ చెవిలో చెప్పింది. చెప్పి రుక్సార్ చెయ్యి పట్టుకుంది. దారిలో ఇంటి దగ్గర ఆగి ఆ పాపనూ ఎక్కించుకున్నారు.

ఎమ్మిగనూరు ఆసుపత్రిలో సాయంత్రం దాకా రిపోర్టులు ఒక్కొక్కటే వచ్చాయి. ప్రతి కాగితానికీ రుక్సార్ లేచి నిలబడింది. పార్వతమ్మకు బాగుంది. పాపకూ బాగుంది. మిగిలినవాళ్లూ బాగానే ఉన్నారు. మద్దమ్మ కాగితం చూసి డాక్టరమ్మ ఆగింది.

"ఈమెకు మొదలైంది. ఇంకొన్నాళ్లు తాగి ఉంటే దేవక్క లాగే అయ్యేది."

మద్దమ్మ ముప్పై దాటని మనిషి. ఏ జబ్బూ లేదు. పొద్దున కూడా పొలంలో పాట పాడుతూ కలుపు తీసిందట. ఆమె డాక్టరమ్మను, రుక్సార్‌ను మార్చి మార్చి చూసి, "నాకేం నొప్పి ల్యాదే!" అంది. ఆ మాటే రెండుసార్లు అంది. తర్వాత అక్కడే వాకిట్లో కూలబడి వాంతి చేసుకుంది.

*

మద్దమ్మ మందులతో, నీళ్లతో కోలుకుంది. దేవక్కకు వారాలు పట్టింది. డయాలసిస్ ఆపగలిగారు గానీ కిడ్నీలు మునుపటిలా కావని, ఎండలో పని చేయకూడదని, ఉప్పు, నీళ్లు అన్నీ చెప్పినంతే వాడాలని చెప్పి డాక్టరు ఇంటికి పంపాడు.

యూనివర్సిటీలో రుక్సార్ గైడు ఆక్సలేట్ ఆమె విషయంలోకి రాదన్నాడు. దాన్ని కలిపితే పీహెచ్‌డీ ఇంకో ఏడాది వెనక్కి పోతుందన్నాడు. పోనీ సార్ అంది ఆమె. కొలిచిన ప్రతి ఆకునూ మళ్లీ మొదటి నుంచి, మేలు చేసేదీ కీడు చేసేదీ రెండూ కొలవడానికి కూర్చుంది. ల్యాబ్‌లో పని చేస్తుంటే ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా ఆ వాచిన మొహం, అందులోని నవ్వు కళ్ల ముందుకొచ్చేవి. అప్పుడు చేతిలో ఉన్నది కింద పెట్టి కాసేపు ఊరికే కూర్చునేది.

వానలు పడ్డాక ఒక ఆదివారం పల్లెకు పోయింది. దేవక్క పందిరి కింద మంచం మీద కూర్చొని ఉంది. వాపు పోయాక మనిషి సగమైంది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. గోవిందు గడప మీదుండి, రుక్సార్‌ను చూసి లోపలికి వెళ్లిపోయాడు. ఆసుపత్రి గట్టు మీద మాట్లాడిన తర్వాత ఆయన ఆమెతో మాట్లాడలేదు.

"కూసో," అంది దేవక్క. రసం తెమ్మని కూతుర్ని కేకేసిన గొంతు కాదు ఇది.

రుక్సార్ నేల మీద కూర్చుంది.  రోడ్డు మీద కలుపుకు పోతున్న ఆడవాళ్లు దేవక్కను పలకరించి పోయారు. వాళ్లు మలుపు తిరిగేదాకా ఆమె మెడ తిప్పి చూస్తూనే ఉంది.

"నువ్వు ఇంగా ఏమేమో ఆకులు కొంచబోయినావు గదమ్మా," అంది దేవక్క. "పుంటికూర, మునగాకు. అవి తినొచ్చునా నేను?"

రుక్సార్ నోరు తెరిచింది. గోంగూరదైనా మునగాకుదైనా గీత ఆమెకు కంఠస్థం. ఎంత ఎత్తో, ఎక్కడ లేస్తుందో చెప్పగలదు.

"తెలీదక్కా," అంది. "నీ ఒంటికి అవి పడతాయో పడవో నాకు తెలీదు. డాక్టర్‌ను అడగల్ల."

దేవక్క ఆమెను తేరిపార చూసింది.

"ఆ పొద్దు గూడా ఈ మాటే అనింటే ఎంత బాగుండునమ్మా!"

అందులో తిట్టు లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అలా అనుకొని అంది.  రుక్సార్ దేవక్క మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. దేవక్క ఆ చేతిని తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. గోవిందు లోపలి నుంచి వచ్చి, మంచం ఒక పక్క పట్టుకొని లాగబోయాడు. బరువుకు అది కదల్లేదు. రుక్సార్ లేచి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ మాట్లాడకుండానే దేవక్కను మంచంతో సహా ఎత్తి పంచలోకి చేర్చారు.